ఇంటి పువ్వు – ఇంటి పానీయము

(అరకులోయలో గిరిజన మహిళా సంఘముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మాఘమాసము ముగియవచ్చినది. తెల్లవారుజామున చలి ఇంకను వదలలేదు గాని, మధ్యాహ్నమునకు ఎండ పదునెక్కుచున్నది. ఇంకొక నెల గడచినచో కొండవాలులలో ఇప్పచెట్లు ఆకు రాల్చి పూతకు వచ్చును. ఒక్క వాన పడినచో కాఫీ తోటలు తెల్లని పూతతో నిండును. చైత్రములో ఇటుకల పండుగ వచ్చును. ఇంటింటికి చుట్టములు వత్తురు. వచ్చిన చుట్టమునకు కూర్చుండ చాప వేసిన పిమ్మట మొదట ఇచ్చునది త్రాగుటకు ఏదైన ఒకటి గదా! ఆ త్రాగుటకు ఇచ్చుదానిని గురించియే ఈ పూట మీతో నాలుగు మాటలు చెప్పదలచినాను.

పువ్వును త్రాగుట అనగానే కొందరికి నవ్వు వచ్చును. పువ్వు తలలో తురుముకొనుటకు, దేవునికి పెట్టుటకు గాని త్రాగుటకా అని అడుగుదురు. కాని ఉగాదినాడు తెలుగునాట ఇంటింట మొదట నోటబెట్టునది వేపపువ్వే. క్రొత్త చింతపండు పులుసులో బెల్లము, మామిడి ముక్కలు, వేపపువ్వు కలిపి, పలుచగా చేసి, గ్లాసులతో త్రాగు ఇండ్లును కలవు. చరక సంహితలో పువ్వులతో చేయు ఆసవములు పది చెప్పబడినవి. అందు ఇప్పపువ్వు ఒకటి. కావున ఇది పట్టణమునుండి వచ్చిన వింత కాదు. మన పెరటిలోనిదే, మన అడవిలోనిదే. మనము సగము మరచినాము, అంతే.

చాల సంవత్సరముల క్రిందట నేను పోషకాహారమును గూర్చి చెప్పుటకు ఈ కొండలలో ఊరూర తిరుగుచుండెడిదానను. ఒక ఎండాకాలమున మిట్టమధ్యాహ్నము ఒక చిన్న గూడెము చేరినాను. దాహముతో నోరు ఎండిపోయినది. ఒక అవ్వ నన్ను అరుగుమీద కూర్చుండబెట్టి, మట్టికుండలోనుండి గోధుమరంగు నీరు ఒక గిన్నెలో పోసి యిచ్చినది. నేను సందేహించుట చూచి ఆమె నవ్వి, “భయపడకు బిడ్డా, ఇది సారా కాదు. పొద్దున కాచినది. ఇది పిల్లలు త్రాగునది” అన్నది. అది ఇప్పపువ్వు కాచిన నీరు. అల్లము ఘాటు, పువ్వు తీపి కలిసి ప్రాణము లేచివచ్చినది. “రేపటికి ఉంచవా అవ్వా?” అని అడిగినాను. “రేపటికి ఉంచితే అది పిల్లలది కాదు, మగవాళ్లది” అన్నది.

ఆ మాట నేను మరువలేదు. అది హాస్యమునకు అన్నను, అందులో ఒక శాస్త్రము కలదు, ఒక సంసారపు లెక్కయు కలదు. ఈనాటి నా ప్రసంగమంతయు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే అనుకొనుడు.

ముందు శాస్త్రము. ఇప్పపువ్వు మిక్కిలి తీపి గలది. చక్కగా ఎండిన పువ్వు బరువులో సగమునకు మించి చక్కెరలే. గాలిలోను, పువ్వుమీదను కంటికి కనబడని ఈస్టు అను సూక్ష్మజీవులు ఉండును. తీపి నీరు, వేసవి వెచ్చదనము దొరికినచో ఒక్క రాత్రిలోనే అవి ఆ చక్కెరను తినుట మొదలుపెట్టి, దానిని మద్యముగను, బుడగలుగను మార్చును. నాలుగైదు దినములు పులియనిచ్చి, బట్టీ పెట్టి కాచినచో అదియే సారా. కనుక ఒకే పువ్వు, ఒకే కుండ, ఒకే నీరు. ఉదయము కాచి ఆనాడే త్రాగినచో బిడ్డకు బలము. మరచి వదిలినచో మరొకటి.

ఇక సంసారపు లెక్క. ఇప్పపూత కాలములో తెల్లవారకముందే లేచి, బుట్ట పట్టుకొని చెట్ల క్రిందికి పోవువారు ఎవరు? ఆడవారు, పిల్లలు. నడుము వంచి ఒక్కొక్క పువ్వు ఏరువారు మీరే. చేతిలో రొక్కము లేని ఆ దినములలో పువ్వును సరిగా ఎండకముందే వచ్చిన ధరకు అమ్మివేయు ఇండ్లు ఉన్నవి. ఆ పువ్వే సారాయై తిరిగి వచ్చినప్పుడు, అమ్మినదానికి ఎన్నో రెట్లు పోసి ఇంటి మగవారు కొనుచున్నారు. మీ నడుము నొప్పితో వచ్చిన తీపి మీ పిల్లల నోటికి అందక, మీ ఇంటి రొక్కమును తీసికొని పోవుచున్నది. ఆ తీపిలో మొదటి పాలు ఇంటి కుండకు చేరవలెనని నా విన్నపము.

ఈ కొండలలో త్రాగుడు సంగతి ఎన్నడును కేవలము దాహపు సంగతి కాదు. 1879లో రంప ప్రాంతమున పెద్ద పితూరీ లేచినది. దానికి గల ముఖ్య కారణములలో ఒకటి కల్లు. కొండవారు తమ ఇంటికొరకు గీచుకొను కల్లుపై మద్రాసు ప్రభుత్వము కట్టుబాట్లు పెట్టినది. ఆ హక్కును మైదానపు గుత్తదారుల పరము చేసినది. తమ చెట్టు, తమ చేయి, తమ కుండ అయినను, అనుమతి మాత్రము పరాయివానిది కావలసి వచ్చినది. ఆ అవమానమును కొండవారు సహింపలేదు.

నేడు చట్టము మీ పక్షమున నిలిచియున్నది. పెసా అని మనము పిలుచు 1996 నాటి చట్టము, షెడ్యూల్డు ప్రాంతములలో మత్తు పానీయముల అమ్మకమును, వాడుకను నియమించు అధికారమును పంచాయతీలకు, గ్రామసభకు కలుగవలెనని చెప్పుచున్నది. చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యమును కూడ చెప్పుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, మీరు తరతరములుగా ఏరుకొనుచున్న అట్టి ఫలసాయమును సేకరించుటకు, వాడుకొనుటకు, అమ్ముకొనుటకు హక్కును స్థిరపరచినది. సారా కాచుట మాత్రము నేరమే. దానిని గూర్చి నేను మెత్తగా చెప్పను. కాని పువ్వు మీది. దానితో ఏమి చేయవలెనో గ్రామసభలో కూర్చుండి నోరు విప్పి చెప్పవలసినదియు మీరే.

ఇక పనిలోనికి వచ్చెదను. మంచి పానీయము కుండలో తయారు కాదు. చెట్టు క్రిందనే తయారగును. ఇప్పపువ్వు తెల్లవారుజామున తానే రాలును. రాలినది పువ్వులోని కండగల రేకుల గొట్టము మాత్రమే. కాయ కట్టవలసిన భాగము కొమ్మమీదనే నిలుచును. కనుక రాలిన పువ్వును ఏరుటవలన చెట్టునకు నష్టము లేదు, ఇప్పగింజల నూనెకును లోటు రాదు. ఇంత ఉదారమైన చెట్టు క్రింద మనము చేయు పని యేమి? పువ్వు చక్కగా కనబడవలెనని ఎండుటాకులకు నిప్పు పెట్టుదుము. ఆ నిప్పు గాలికి చెదరి అడవిని తగులబెట్టును. మొలకలు మాడిపోవును. బూడిదలోను మసిలోను పడిన పువ్వు త్రాగుటకు పనికిరాదు. నిప్పునకు మారుగా ఆకులను చీపురుతో ఊడ్చి ప్రక్కకు చేర్పుడు. చెట్టు క్రింద పాత చీరెలు గాని, వలలు గాని పరువుడు. నాలుగు మూలల కర్రలు పాతి వలను నేలకు తగులకుండ కట్టినచో ఇంకను మంచిది. పువ్వుకు మన్ను అంటదు, పశువులు త్రొక్కవు, మీ నడుము వంగనక్కరలేదు.

తెచ్చిన పువ్వును ఆ ఉదయమే రెండు మూడు నీళ్లలో కడుగవలెను. పువ్వు నడుమనుండు కేసరములను దులిపివేయవలెను. అవి చేదు కలిగించును. పిమ్మట శుభ్రమైన చాపలమీద, నేలకు ఎత్తుగా, పలుచగా పరచి ఎండబెట్టవలెను. పైన పలుచని గుడ్డ కప్పినచో ఈగ వాలదు. మూడు నాలుగు మంచి ఎండలు తగిలినచో ఎండుద్రాక్ష వలె గోధుమరంగునకు తిరుగును. చేతితో నలిపినప్పుడు తడి అంటగూడదు. తడి మిగిలినచో బూజు పట్టును. బూజు పట్టినదానిని పారవేయవలసినదే గాని, కాచి త్రాగరాదు. ఎండిన పువ్వును బిగువైన మూతగల డబ్బాలలో నింపి, వానకాలమున చెమ్మ తగులకుండ అటకమీద ఉంచుకొనుడు. కరవు దినములలో ఈ పువ్వును చింతపిక్కలతో ఉడికించి తిని ప్రాణములు నిలుపుకొన్న కుటుంబములు కొండలలో ఉన్నవి. ఆ డబ్బా మీ ఇంట ఉన్నంతవరకు ఏదో ఒకటి ఉన్నట్లే.

పానీయము చేయు విధము మిక్కిలి సులువు. ఎండిన పువ్వు ఒక గ్లాసు కొలిచి, కడిగి, గోరువెచ్చని నీటిలో గంటసేపు నానబెట్టుడు. పిమ్మట నాలుగు గ్లాసుల నీరు పోసి, చిన్న అల్లము ముక్క చితుకగొట్టి వేసి, కుతకుత ఉడుకునట్లు పావుగంట, ఇరువది నిమిషములు కాచుడు. పలుచని గుడ్డతో వడగట్టుడు. నాలుగు మిరియపు గింజలు దంచి కలిపినచో వాసన బాగుండును. చల్లారిన పిమ్మట సగము నిమ్మచెక్క పిండుడు. బెల్లము వేయనక్కరలేదు. పువ్వులోని తీపియే చాలును. వడగట్టగా మిగిలిన పిప్పిని పారవేయకుడు. దానిని మెత్తగా నూరి రొట్టెపిండిలో కలుపవచ్చును.

మరియొక మార్గము మీ ఇంట రోజును కాచు చోడి అంబలిలోనే కలదు. అంబలి దించుటకు ముందు వడగట్టిన ఇప్పనీరు ఒక గ్లాసు పోసి కలుపుడు. చోడిలో సున్నము, అనగా ఎముకకు బలమిచ్చు కాల్షియము మెండు. ఇప్పలో శక్తినిచ్చు తీపి మెండు. బడికి పోవు పిల్లవాడు ఒక గిన్నెడు త్రాగి పోయినచో మధ్యాహ్నము వరకు ఆకలి అనడు. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు ప్రాంతమున ఆదివాసీ స్త్రీలు సంఘముగా ఏర్పడి ఇప్పపువ్వుతో లడ్డూలు చేయుచున్నారు. వారు చేయగలిగినది మీరు చేయలేనిది కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మొదట నేర్చిన ఉత్సాహముతో ఇప్పనీటిని పాకముగా కాచి, సీసాలో పోసి, బిరడా గట్టిగా బిగించి అటకమీద పెట్టినాను. అది సరిగా చిక్కబడలేదు. నాలుగవనాటి రాత్రి ఇంటిలో తుపాకి ప్రేలినట్లు చప్పుడైనది. లేచి చూడగా సీసా పగిలి, గోడలు, పరుపులు, చదువుకొను పిల్లల పుస్తకములు అన్నియు జిగటపట్టియున్నవి. పగిలిన గాజు పిల్లల తలకడ పడియున్నది. అదృష్టవశమున ఎవరికిని గాయము కాలేదు. ఆనాటినుండి నా నియమము ఒకటే. ఉదయము కాచినది సాయంకాలమునకు ముగియవలెను. మూత వదులుగా ఉండవలెను. నురుగు లేచినను, పుల్లని వాసన వచ్చినను, ఆలోచింపక పారబోయవలెను.

ఇంకను పై గ్రామములవారు, ‘మాకు ఇప్ప తక్కువ, జీలుగు ఎక్కువ’ అందురు. జీలుగు కల్లు కూడ పూగెలనుండి వచ్చు రసమే గదా! అప్పుడే దిగిన రసము తీపి. కొన్ని గంటలలోనే అది పులియును. కుండ లోపల సున్నము పూసినచో పులియుట ఆగును. సింహళములో ఈ చెట్టునే కితుల్ అందురు. అక్కడివారు ఆ తీపి రసమును వెంటనే పెనములలో కాచి చిక్కని పాకముగను, బెల్లముగను చేసి దేశదేశములకు అమ్ముచున్నారు. అదే చెట్టు మన కొండలలో మత్తునకు పేరు పొందినది, అక్కడ తీపికి పేరు పొందినది. భేదము చెట్టులో లేదు, పొయ్యి ఎప్పుడు వెలిగించినాము అనుటలో ఉన్నది.

అడవి పువ్వు తరువాత పెరటి పువ్వు. మీ ముంగిటనున్న ఎర్ర మందారము చూడుడు. ఒంటిరేకు నాటు మందారము మేలు. ఎనిమిది పది పువ్వులు ఉదయమే కోసి, అడుగున నుండు పచ్చని దొన్నెను, నడుమ పుప్పొడి కాడను తీసివేసి, రేకులు మాత్రము కడుగుడు. నాలుగు గ్లాసుల నీరు మరగించి, దించి, అందులో రేకులు వేసి మూత పెట్టుడు. పది నిమిషములలో నీరు ముదురు ఊదారంగునకు వచ్చును. వడగట్టి, బెల్లము కరగించి, నిమ్మరసము పిండుడు. చూచుచుండగానే ఆ ఊదారంగు కెంపువలె మెరయును. పిల్లలు దీనిని చూచి చప్పట్లు కొట్టుదురు. ఇందులో మాయ లేదు. పువ్వు రంగులో ఆంథోసయనిను అను పదార్థము కలదు. పులుపు తగిలినచో అది రంగు మార్చుకొనును.

కంచెమీద పాకు నీలి శంఖుపుష్పము సంగతియు ఇంతే. పది పువ్వుల రేకులు వేడినీటిలో వేసినచో ఆకాశపు రంగు వచ్చును. నిమ్మ పిండినచో ఊదారంగునకు తిరుగును. దీనికి వాసన గాని, రుచి గాని స్వల్పము. కనుక నాలుగు తులసి ఆకులు గాని, అల్లము గాని జతచేయుడు. థాయిలాండు దేశమున చుట్టములకు ఈ నీలి పానీయమునే ఇత్తురు. రేకులు మాత్రమే వాడవలెను. దీని వేరు, గింజ విరేచనకారులు. వాటి జోలికి పోరాదు.

అన్నిటికన్న మనము నిర్లక్ష్యము చేయుచున్నది గోంగూర. ఆకు కోసి పచ్చడి చేసికొందుము. నార తీయుదుము. పువ్వు వాడిన పిమ్మట కాయను చుట్టుకొని ఎర్రగా, కండగలిగి, పుల్లగా నుండు రేకులు ఉండును గదా, వాటిని మాత్రము చాలచోట్ల చేనిలో వదలివేయుదుము. ఈజిప్టు, సూడాను దేశములలో ఆ ఎర్ర రేకులను ఎండబెట్టి కాచి, కర్కదే అను పేర వేడిగను చల్లగను త్రాగుదురు. పడమటి ఆఫ్రికాలో దానినే బిస్సాపు అందురు. మెక్సికోలోను అది ఇంటింటి పానీయమే. సగము ప్రపంచము త్రాగుచున్నదానిని మనము పశువుల కాళ్ల క్రింద వదలుచున్నాము. చలికాలములో కాయలు లేతగా నున్నప్పుడే కోసి, గింజల బుడిపెను తీసి, ఎర్రని రేకులను నీడలో ఎండబెట్టి దాచుకొనుడు. గుప్పెడు రేకులు నాలుగు గ్లాసుల నీటిలో పది నిమిషములు కాచి, బెల్లము కలిపినచో చాలును. నిమ్మరసము కూడ అక్కరలేదు. పులుపు దానిలోనే కలదు.

ఇన్ని పువ్వులు చెప్పినాను గనుక, త్రాగరాని పువ్వులు కూడ చెప్పక విడువరాదు. నిజమునకు ఈ భాగమునే మీరు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. గన్నేరు విషము. పచ్చగన్నేరు అంతకన్న ఘోరము. బిళ్లగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, అడవినాభి, ఇవన్నియు విషములే. అడవినాభి పువ్వు అగ్నిజ్వాలవలె అందముగా నుండి పిల్లల చేయి లాగును. అందము మంచితనమునకు గురుతు కాదు. తెలియని పువ్వును ‘ఒక చుక్క రుచి చూతము’ అనరాదు. ఊరి పెద్దలలో ముగ్గురు గురుతుపట్టి, తాము తిన్నదియే అని చెప్పిన పువ్వునే కుండలో వేయవలెను. పొరబాటున ఎవరైన విషపు పువ్వు తిన్నను, త్రాగినను, ఉప్పునీరు పోసి కక్కించు ప్రయత్నములు చేయక, ఆ పువ్వునో కొమ్మనో చేతబట్టుకొని, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవుడు. 108కి ఫోను చేయుడు. ఏ పువ్వో చూచినచో వైద్యునికి చికిత్స సులువగును.

మంచి పువ్వయినను చోటు చూడవలెను. మందు చల్లిన తోటలోనిది, రోడ్డు ప్రక్కన దుమ్ము పట్టినది, సంతలో దండల కొరకు అమ్మునది వాడరాదు. దండల పువ్వుపై ఎన్ని మందులు చల్లినారో కొన్నవారికి తెలియదు. అట్లే కోయదగినది, కోయరానిది అను వివేకమును కావలెను. కాఫీ పువ్వు మల్లెవలె వాసన వేయును గదా అని కోయుదమనుకొనకుడు. కొమ్మమీద కోసిన ఒక్కొక్క పువ్వు ఒక్కొక్క పండు తక్కువ. ఇప్పచెట్టు తానే రాల్చి ఇచ్చును. మందారము ప్రొద్దున విచ్చి సాయంకాలమునకు వాడును. గోంగూర తన పని ముగిసిన పిమ్మట ఇచ్చును. చెట్టు ఇయ్యగలిగినదానినే తీసికొనుట మన కొండల ధర్మము.

ఇక నీరు, గిన్నె, మనిషి అను మూడు సంగతులు. కొండ ఊటనీరు కంటికి నిర్మలముగా నుండును. కాని వానకాలములో పైనుండి పశువుల పేడయు, మనుష్యుల మలమును కొట్టుకొని వచ్చి అందులో కలియును. అతిసారము వచ్చుదారి అదియే. కనుక ఏ పానీయమునకైనను నీరు కుతకుత మరగవలెను. పువ్వునీరు ఇంటివారికి అలవాటైనచో, కాచిన నీరు త్రాగుట అను గొప్ప అలవాటు దానివెంట తానే వచ్చును. నా దృష్టిలో ఇందలి పెద్ద లాభము ఇదియే. పులుపు కలిసినదానిని కళాయి లేని ఇత్తడిలోను, అల్యూమినియములోను కాచరాదు, నిలువ ఉంచరాదు. మట్టికుండ గాని, స్టీలు గిన్నె గాని వాడుడు.

ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదియు ఇయ్యరాదు, నీరు కూడ అక్కరలేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించు ఆచారము మానవలెను. అది ప్రమాదకరము. గర్భిణీ స్త్రీలు మందారపు నీరు, గోంగూర రేకుల నీరు త్రాగకుండుట మేలు. రక్తపు పోటుకు మందు మ్రింగువారు వైద్యుని అడిగి త్రాగవలెను. మధుమేహము గలవారికి ఇప్పనీరు తగదు. విరేచనములు పట్టినప్పుడు పువ్వునీరు మందు కాదు. ఓఆర్ఎస్ పొట్లము కలిపి ఇచ్చి, ఆరోగ్య కార్యకర్తను పిలువవలెను. పువ్వునకు లేని గుణములు అంటగట్టి, రోగములన్నియు పోవునని చెప్పువారి మాట నమ్మకుడు. ఇది పానీయము. మంచి పానీయము. అంతకు మించి నేను చెప్పను.

చివరగా అమ్మకము సంగతి. ‘దీనిని చేసి అమ్మవచ్చునా?’ అని మీలో కొందరు ముందే అడిగినారు. అమ్మవచ్చును. తినుబండారము అమ్మువారు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ప్రకారము నమోదు చేయించుకొనవలెను. త్వరగా చెడు పానీయముకన్న శుభ్రముగా ఎండిన ఇప్పపువ్వు, గోంగూర రేకులు, మందారపు రేకులు పొట్లములుగా అమ్ముట మేలు. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడినది. తేనె, చింతపండు మొదలగు అటవీ ఫలసాయమును మీవద్ద కొనుటయే దాని పని. 2018లో మొదలైన వనధన పథకము క్రింద సంఘములు కలిసి శుద్ధిచేసి అమ్ము ఏర్పాటును వచ్చినది. మీ కాఫీనే చూడుడు. అది ఈ లోయ పేరుతోనే ప్రపంచమున చలామణి యగుచున్నది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. శుభ్రముగా ఏరి, శుభ్రముగా ఎండబెట్టి, పేరు నిలుపుకొన్న సరకునకు గౌరవమును ధరయు వచ్చునని దానివలన తెలిసినది.

కాని ఒక హెచ్చరిక. ధర వచ్చినది గదా అని ఉన్నదంతయు మూటగట్టి పంపకుడు. కొండలలో తేనె తీయు ఇంట పిల్లలకు తేనె లేకుండుట, పాలు పితుకు ఇంట పాలు లేకుండుట నేను చూచినాను. ఇప్పపువ్వు విషయములో అట్లు కారాదు. మొదటి డబ్బా ఇంటిది. రెండవది గూడెములోని అంగనవాడి పిల్లలకొరకు. మూడవదియే సంతకు.

అక్కలారా, చెల్లెళ్లారా! ఈ పూతకు మీరు చేయవలసినవి మూడే పనులు. చెట్టు క్రింద నిప్పు పెట్టకుండుట ఒకటి. పాత చీరె పరచి, కడిగి, ఎండబెట్టి ఒక్క డబ్బా ఇంట దాచుట రెండు. ఇటుకల పండుగనాడు వచ్చిన మొదటి చుట్టమునకు ఆ ఉదయమే కాచిన ఇప్పనీరు ఒక గిన్నెడు ఇచ్చుట మూడు. ఆ చుట్టము సందేహించినచో, నాకు అవ్వ చెప్పిన మాటనే మీరును చెప్పుడు: “భయపడకు, ఇది పిల్లలు త్రాగునది.”

 ప్రక్కనున్న పొయ్యిమీద కుండ దించినారు. ఇంతవరకు చెప్పినది నిజమో కాదో రుచి చూచి మీరే తేల్పుడు.